సర్వర్‌కు వేసిన చామంతి మాల

2006. హైదరాబాద్‌కు పడమటి దిక్కున ఐటీ కంపెనీల అద్దాల గోడలు లేస్తున్న కాలం. ఆ మెరుపు గండిపేట చెరువు దాటి మొయినాబాద్ దాకా వచ్చింది. నిన్నటి దాకా టమాట, చామంతి పండిన భూములు కొన్ని ఫామ్‌హౌస్‌లయ్యాయి, కొన్నింట్లో ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచాయి. అలా మొలిచిన ఒక కాలేజీలో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. కంప్యూటర్లు, నెట్‌వర్క్, ప్రింటర్లు అన్నీ నడిచేలా చూడటం నా పని. అవి నడిచినన్నాళ్ళు నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజు నా పేరు తప్ప వేరే మాట వినపడదు.

మా చైర్మన్‌ది ఆ ప్రాంతంలో తరాలుగా సేద్యం చేసిన కుటుంబం. ఒకప్పుడు సర్పంచ్‌గా కూడా చేశారు. మనిషి చెడ్డవాడు కాదని ఆ రోజుల్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను.

ఒకనాడు నన్ను పిలిపించారు.

“శీనూ, కమిటీ వస్తదట. ఆన్‌లైన్ చదువు ఉన్నదా అని అడుగుతున్రట. మనకు గూడ జెల్ది ఒకటి పెట్టు.”

కమిటీ అంటే కాలేజీకి అనుమతి పొడిగించడానికి తనిఖీకి వచ్చే బృందం. ఆన్‌లైన్ చదువు అంటే ఎల్.ఎం.ఎస్., లర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. లెక్చరర్లు పాఠాలు, చిన్న పరీక్షలు అందులో పెడతారు. విద్యార్థులు ఎక్కడి నుంచైనా తెరిచి చదువుకుంటారు, ప్రశ్నలు అడుగుతారు. అప్పటికే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌లో దొరికేది. అంటే రాసినవాళ్ళే దాని లోపలి రాత అంతా బయటపెట్టి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని ఇచ్చేశారు. బీద దేశాల యూనివర్సిటీలకు ఇది వరమని నేను ఎక్కడెక్కడో చదివి ఉన్నాను. ఆ మాటే ఉత్సాహంగా చెప్పాను. చైర్మన్ మొహం ముడుచుకుంది.

“ఫుకట్ల వచ్చేదాన్ని కమిటీ ముంగట పెడితే ఇజ్జత్ ఉంటదా?”

“పెద్ద పెద్ద యూనివర్సిటీలు గూడ ఇదే వాడుతున్నయి సార్.”

“అట్లయితే పెట్టు. ఫుకట్ అని మాత్రం ఎవ్వరికి చెప్పకు.”

కొత్త సర్వర్ వచ్చింది. సర్వర్ అంటే పగలూ రాత్రీ నడిచే పెద్ద కంప్యూటర్, పాఠాలన్నీ అందులోనే ఉంటాయి. దానికో గది, గదికో ఏసీ. మంచిరోజు చూసి పూజ పెట్టారు. షాబాద్ దిక్కు నుంచి చైర్మన్‌కు తెలిసిన రైతు చామంతులు పంపాడు. పసుపు, కుంకుమ, అగరొత్తులు, అన్నీ అయ్యాయి. కొబ్బరికాయ గది లోపలే కొట్టబోతుంటే నేను అడ్డం పడి గడప దగ్గర కొట్టించాను. మూరల కొద్దీ చామంతి మాల తెచ్చి సర్వర్ ముందు భాగం నిండా వేశారు. గాలి లోపలికి పోయే రంధ్రాలు అక్కడే ఉంటాయి. అరగంటకల్లా లోపలి ఫ్యాన్లు రొదపెట్టడం మొదలుపెట్టాయి. చైర్మన్ ఆ చప్పుడు విని సంతోషించారు.

“సూడు, ఎట్ల నడుస్తున్నదో!”

అందరూ భోజనాలకు పోయాక మాల తీసేశాను.

కమిటీ వచ్చింది, మిణుకుమిణుకుమనే దీపాలు చూసింది, పోయింది. ఆ సాయంత్రమే గదికి తాళం పడింది. తాళంచెవి చైర్మన్ టేబుల్ సొరుగులోకి చేరింది. పొలం తడిసింది, మోటరు బంద్ అయింది. ఆ మాట ఆయన పైకి అనలేదు గాని, అదే లెక్క. ఒక్క పాఠం కూడా ఎక్కని ఎల్.ఎం.ఎస్. చల్లటి గదిలో పడి ఉంది.

దాన్ని నిద్రలేపింది సుజాత మేడం. వికారాబాద్ నుంచి వచ్చేవారు, సి ప్రోగ్రామింగ్ చెప్పేవారు. మా కాలేజీలో పాఠం చెప్పాలన్న ఆరాటం ఉన్న కొద్దిమందిలో ఒకరు. ఒక రోజు నా గదికి వచ్చి నిలబడ్డారు.

“శ్రీనివాస్ సార్, ఆ సర్వర్ల పాఠాలు పెట్టొచ్చా?”

“పెట్టేటందుకే తెచ్చింది మేడం.”

“మరి తాళమెందుకు?”

ఇద్దరం కలిసి చైర్మన్ దగ్గరికి పోయాం. వచ్చే కమిటీకి నిండు సర్వర్ చూపించవచ్చు అని నేను ఆశపెడితే తాళం తీయించారు. ఆఖరి కాలేజీ బస్సు వెళ్ళాక మెయిన్ స్విచ్ ఆపే అలవాటు కూడా ఆ గది వరకు మానిపించాను. పిల్లలకు కంప్యూటర్ దొరికేది కాలేజీలో కాదు, సాయంత్రం పూట ఊళ్ళో నెట్ సెంటర్‌లో. అప్పుడు సర్వర్ నిద్రపోతే ఇంత హంగామా దేనికి?

మేడం పట్టుదల వేరే. మా విద్యార్థుల్లో సగానికి పైగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. చేవెళ్ళ, షాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు. లెక్కల్లో చురుకు, కాని ఇంగ్లిష్ పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే కాళ్ళు తడబడేవి. అందుకని ఆమె పాఠాలు తెలుగులో రికార్డు చేస్తానన్నారు. మాటలు మాత్రం తెలుగు, కీలకమైన పదాలు ఇంగ్లిష్‌లోనే. పరీక్ష ఎలాగూ ఇంగ్లిష్‌లోనే రాయాలి కదా. ఫ్యాన్ ఆపేసి, కిటికీ మూసి, చెమటలు కక్కుతూ నా గదిలోనే రికార్డు చేసేవాళ్ళం. ఎంత మూసినా వెనక తోటలోని నెమలి అరుపు ప్రతి పాఠంలోనూ పడేది. తీసేద్దామంటే మేడం ఒప్పుకోలేదు.

“ఉండనియ్యున్రి సార్. మన ఊరి పాఠమని తెలుస్తది.”

నెలలు తిరిగేసరికి ఎల్.ఎం.ఎస్. కళకళలాడింది. అందులో ఫోరం అని ఉంటుంది, అందరూ రాసుకునే గోడలాంటిది. మొదట గుడ్ మార్నింగ్ మేడం అని తప్ప ఏమీ రాయనివాళ్ళు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తూ కొట్లాడుకునేదాకా వచ్చారు. అందరికంటే ఎక్కువ రాసేది అనిత. షాబాద్ దగ్గర పల్లె. రెండో సంవత్సరం. పూజకు పూలు పంపిన రైతు ఆమె తండ్రేనని తర్వాత తెలిసింది.

అనితకు సి ప్రోగ్రామింగ్ మొదటి ఏడు నుంచి బాకీ పడి ఉంది. దాన్ని బ్యాక్‌లాగ్ అంటారు. ఇంకా రెండు మూడు సబ్జెక్టులు కూడా అలాగే ఉన్నాయి. సప్లిమెంటరీలో సి గట్టెక్కితే మూడో ఏడుకు వెళ్తుంది, లేకపోతే డిటెన్షన్, అంటే ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఒకరోజు ల్యాబ్‌లో మేడంతో తనే చెప్పింది.

“ఏడాది పోయిందంటే ఇగ చాలు, తోటలకు రా అన్నడు మేడం మా బాపు. తిట్టి అనలే. మెల్లగ అన్నడు. తిడితే నయముండె.”

“పోదు తియ్. పాయింటర్లు అర్థమైనయా?”

పాయింటర్ అంటే సి భాషలో పిల్లలందరినీ ముంచే మడుగు. విలువను దాచుకోదు, ఆ విలువ ఉన్న చోటు చిరునామాను దాచుకుంటుంది. అనిత తన మాటల్లో చెప్పింది.

“చీటి మీద ఇంటి నంబర్ రాసిస్తే ఇల్లు ఇచ్చినట్టు గాదు. గంతే గద మేడం?”

మేడం నవ్వు ఆ రోజు సాయంత్రం దాకా ఆగలేదు. మరుసటి పాఠంలో ఆ మాటే వాడుకున్నారు, అనిత పేరు చెప్పి మరీ. ఆ పిల్ల షాబాద్ నెట్ సెంటర్‌లో కూర్చుని తన పేరు విన్నప్పుడు పక్కవాళ్ళు ఉలిక్కిపడేలా కుర్చీలోంచి లేచిందట. ఈసారి పాసవుతుందని మా ఇద్దరికీ నమ్మకం కుదిరింది.

సప్లిమెంటరీ పరీక్షలు దగ్గరపడ్డాయి. అప్పుడు వచ్చింది సామాన్లు మోసే డీసీఎం వ్యాను.

మా చైర్మన్‌కు ఇంకో కాలేజీ ఉంది, కొత్తది. దానికి కమిటీ వస్తోంది. అక్కడ గదులున్నాయి, గదుల్లో ఏమీ లేవు. ఇలాంటప్పుడు ఏం చేస్తారో ఆ రోజుల్లో ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కంప్యూటర్లు, మైక్రోస్కోపులు, లైబ్రరీ పుస్తకాలు, చివరికి లెక్చరర్లు కూడా ఈ కాలేజీ నుంచి ఆ కాలేజీకి ప్రయాణం కడతారు. కమిటీ పోగానే వెనక్కి వస్తారు. మా ల్యాబ్ కంప్యూటర్లను గోనెసంచులు చుట్టి ఎక్కిస్తున్నారు. సర్వర్ గది తలుపు తీసి ఉంది. నేను చైర్మన్ దగ్గరికి పరుగెత్తాను.

“సార్, సర్వర్ ఒక్కటి వదిలెయ్యున్రి. పిల్లలకు పరీక్షలున్నయి. పాఠాలన్నీ దాంట్లనే ఉన్నయి.”

“పాఠాలున్నయనే గద తీస్కపోయేది! నిండు సర్వర్ అని నువ్వే అంటివి.”

“ఆ కాలేజీల పిల్లలే లేరు సార్. అండ్ల ఉన్న పేర్లన్నీ మన పిల్లలయి.”

“శీనూ, పెండ్లికి పక్కింటోళ్ళ కుర్చీలు తెచ్చుకోమా? మల్ల ఇచ్చెయ్యమా? ఎందుకంత ఫికర్ చేస్తవు? దాంట్ల కాలేజీ పేరు మార్చు. ఇంకొకటి, ఆ తెలుగు పాఠాలు తీసెయ్. ఇంజనీరింగ్ కాలేజీల తెలుగేంది, కమిటీ నవ్వుతది.”

కుర్చీలన్నీ ఇచ్చేసిన పక్కింటివాళ్ళు ఆ పూట నేల మీద కూర్చోవాలని ఆయనకు తోచలేదు. తోచినా ఆగేవారని అనుకోను.

పాఠాలు చెరపలేదు. ఎల్.ఎం.ఎస్.లో ప్రతి పాఠం పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కితే కన్ను మూసుకుంటుంది, పాఠం విద్యార్థులకు, చూడవచ్చినవాళ్ళకు కనిపించదు. అడ్మినిస్ట్రేటర్‌కు మాత్రం కనిపిస్తుంది. మేడం తెలుగు పాఠాలన్నింటికీ ఒక్కొక్కటిగా కన్ను మూశాను. రెండు రోజుల్లో తెరుస్తానని మేడంకు చెప్పాను. ఆమె పేరు కూడా ఆ కాలేజీకి పోయే జాబితాలో ఉంది. మనుషుల్ని మాత్రం బస్సులో తీసుకెళ్ళారు, అంతే తేడా.

కమిటీ రోజు నేనూ అక్కడే ఉన్నాను. సభ్యుల్లో పెద్దాయన ఒకరు, రిటైరైన ప్రొఫెసర్ అట, ల్యాబ్‌లో మేడం ముందు ఆగారు.

“మీరు ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నారమ్మా?”

రెండేళ్ళ నుంచి అని చెప్పాలని అందరికీ ముందే నేర్పించారు. మేడం తలెత్తి చెప్పారు.

“ఈ రోజు పొద్దుటి నుంచి సార్.”

చైర్మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక అయిపోయింది, నిజం బయటపడింది, ఈ నాటకం ఇంతటితో ఆగుతుంది అనుకున్నాను. సంతోషంతోనే. పెద్దాయన మేడం వైపు చూశారు, చైర్మన్ వైపు చూశారు. పెద్దగా నవ్వారు.

“మేడం మంచి హుషారు మనిషే!” అన్నారు. ఆ తర్వాత కొబ్బరిబోండాలు వచ్చాయి. కొత్త కాలేజీకి అనుమతి కూడా వచ్చింది. ఆ నిజం వల్ల ఎవరికైనా నష్టం జరిగిందంటే అది చెప్పిన మనిషికే. మరుసటి రోజు నుంచి రావద్దని మేడంకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

కంప్యూటర్లు తిరిగి వచ్చాయి. సర్వర్ రాలేదు. కమిటీ చెప్పకుండా మళ్ళీ రావచ్చని ఎవరో అనుమానం పెట్టారట. దాన్ని అక్కడే, ఆపేసి, తాళం వేసి ఉంచారు. నేను మళ్ళీ చైర్మన్ దగ్గరికి పోయాను. పాఠాల కాపీ నా దగ్గర ఉంది సార్, మామూలు కంప్యూటర్ ఒకటి ఇస్తే దాంట్లో పెట్టి నడిపిస్తాను, సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు కూడా లేదు అని బతిమాలాను. ఓపెన్ సోర్స్ గొప్పతనం అదే కదా, ఎక్కడైనా మళ్ళీ కట్టుకోవచ్చు. ఆయన కాగితాల మీంచి తల కూడా ఎత్తలేదు.

“ఆ మేడం గొంతు నా కాలేజీల వినబడొద్దు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పాఠాలు సీడీల్లోకి ఎక్కించి చేవెళ్ళ బస్టాండ్‌లో అనితకు ఇచ్చాను. రెండు రోజులకు ఫోన్ చేసింది.

“సార్, నెట్ సెంటర్ల సీడీ పెట్టనిస్తలేరు. వైరస్ వస్తదట. పోయిన పండుగకు ఎవరో పెడితే సిస్టములన్నీ పండుకున్నయట.”

ఆ ఊళ్ళో ఇంకెక్కడా కంప్యూటర్ లేదా అని అడిగాను. ఒక ఫర్టిలైజర్ షాపులో ఉందట, అది దుకాణం బిల్లులకు. నేనే షాబాద్ పోయి నెట్ సెంటర్ ఓనర్‌ను అడిగాను. పాపం, ఆయనకూ భయమే, బతుకుదెరువు అదే మరి. చివరికి ఒక మూల సిస్టమ్ మీద వినడానికి ఒప్పుకున్నాడు. అప్పటికి మర్నాడే పరీక్ష. ఆ సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి సెంటర్ మూసే వేళయింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు అయింది ఆ పిల్ల పని.

కొద్ది మార్కుల్లో పోయింది. డిటెన్షన్ జాబితా నోటీసు బోర్డు మీద పడింది.

తర్వాతి వారం ఆమె తండ్రి సర్టిఫికెట్ల కోసం వచ్చాడు. ఆఫీసులో ఎవరో నన్ను చూపిస్తే నా గదికి వచ్చాడు. చేతుల్లో పని లేక తువ్వాలను మడుస్తూ, విప్పుతూ నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“సార్, మా అనిత మీ పేరు చెప్తది. ఒక్క మాట అడుగుత, తప్పనుకోకున్రి. నా బిడ్డకు తెలివి తక్కువైందా?”

“లేదన్నా. మంచి తెలివి గల పిల్ల.”

“మరేం తక్కువైంది సార్?”

ఏం చెప్పాలి? సర్వర్ వ్యాను ఎక్కిందని చెప్పాలా? పాఠాలకు నేనే కన్ను మూశానని, మళ్ళీ తెరవనివ్వలేదని చెప్పాలా? ఆయన చైర్మన్‌కు పూలు పంపే మనిషి. ఇంకో సంవత్సరం ఆగి రాయించమని చెప్పాను. ఆయన తల ఊపాడు, వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఈనాటికీ పూర్తిగా చల్లారలేదు. చల్లారకూడదనే నా కోరిక.

మరుసటి ఏడాది మళ్ళీ కమిటీ. ఈసారి మా కాలేజీకి. సర్వర్ తిరిగి వచ్చింది. ఈ-లర్నింగ్ సెంటర్ అని బోర్డు రాయించారు, గదికి రంగులేశారు, పూజ పెట్టారు. పొద్దున్నే ట్రాలీ ఆటోలో పూలు వచ్చాయి. దింపుతున్నది అనిత. చేతులకు పసుపుపచ్చ మరకలు. నన్ను చూసి సిగ్గుపడలేదు, నేనే పడ్డాను.

“సార్, బాగున్నరా? మాల గింత పొడుగు సాలుతదా?”

“సాలుతది. సర్వర్‌కే గద.”

మాల చేతిలో పట్టుకుని గది లోపలికి చూసింది.

“గదేనా సార్, మనం పాఠాలు ఇన్నది? మేడం పాఠాలు, నెమలి అరుస్తది గద, ఇంకా అండ్ల ఉన్నయా?”

“ఉన్నయి. కనబడకుంట పెట్టించిన్రు. నాకొక్కనికే కనబడ్తయి.”

“నేనెప్పుడు దాన్ని సూడనే లేదు సార్. ఒక్కసారి సూస్త.”

గడప దగ్గరికి వచ్చింది. అక్కడ నిలబడ్డ వాచ్‌మన్‌కు ఆమె ఎవరో తెలియదు.

“ఓ బిడ్డా, లోపటికి పోవద్దు. మిషన్లున్నయి. పూలు ఈడ పెట్టి పో.”

మన విద్యార్థేనని నేను అనబోయాను. ఇప్పుడు కాదు గదా అని గుర్తొచ్చి ఆగిపోయాను. అంతలో లోపలి నుంచి చైర్మన్ కేకేశారు, శీనూ, మాల ఏదని. అనిత మాల నా చేతుల్లో పెట్టింది.

“పోనియ్యున్రి సార్. టైం అయితున్నది, ఇంకో దిక్కు గూడ పూలు ఇయ్యాలె,” అని ఆటో ఎక్కింది.

నేను మాల తీసుకుని లోపలికి పోయాను. చైర్మన్ చూపించిన చోటే వేశాను. ఫ్యాన్లు రొదపెట్టాయి. ఈసారి అందరూ పోయాక కూడా మాల తీయలేదు. మేడం పాఠాల కన్నులు మాత్రం ఒక్కొక్కటిగా అన్నీ తెరిచాను, కమిటీ వచ్చేలోపే. సభ్యుల్లో ఎవరూ ఒక్కటి కూడా నొక్కి చూడలేదు. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను.

ఆ తర్వాత చాలా కాలేజీలకు ఎల్.ఎం.ఎస్. పెట్టాను. ఇదే నా బతుకుదెరువు అయింది. పిలిచినవాళ్ళు సర్వర్ ఎంత పెద్దది కావాలి, నెట్ ఎంత వేగం ఉండాలి అని అడుగుతారు. నేను మొదట అడిగేది ఒక్కటే, ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని. చాలామంది నవ్వుతారు. నవ్విన చోట పని ఒప్పుకోకూడదని నాకు తెలుసు. ఇల్లు గడవాలి కాబట్టి ఒప్పుకుంటాను. పూజకు పిలిస్తే మాత్రం పోను.